ముసిలైతే ఏటి సేస్తాది?

మలేసియాలో మా ఊరు బాగన్ దాతుక్ మొత్తంలో ఆవు జాతుల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పక్కింటి పాలావిడ తన కొట్టానికి ఆవును ఎంచుకున్నది నా మాట మీదే.

సరే, కొంచెం సాగదీశాను. నేను ఎస్టేటులో పామాయిల్ గెలల లారీ తోలినవాణ్ణి. నాకు తెలిసిన ఆవల్లా పాలడబ్బా మీది నలుపు తెలుపుల బొమ్మే.

ఏ ఆవునూ కసాయికి ఇవ్వనని ఆమె ఒట్టు పెట్టుకుంది. వట్టిపోయినదాన్నీ, కోడెదూడనీ కూడా చచ్చేదాకా మేపాలి. అందుకని రోజూ సాయంత్రం కంచె దగ్గరికొచ్చి, "ఏ జాతి తెమ్మంటావు మావా?" అని అడిగేది. మా ఆవిడ పోయిన కొత్త. రోజంతటికీ నేను వినే మనిషి గొంతు అదొక్కటే.

"డబ్బా మీది ఆవే తే. బిందెల కొద్దీ పాలిస్తుంది," అన్నాను.

"ఈ ఎండకి తట్టుకుంటాదా? ముసిలైతే ఏటి సేస్తాది?"

మర్నాడు ఎక్కడో విన్న సాహివాల్ పేరు చెప్పాను. మళ్లీ అదే ప్రశ్న. పాలెన్నని ఒక్కనాడూ అడగలేదు. నెల తిరిగాక విసుగొచ్చి, "ఇక్కడి పొట్టి ఆవే తెచ్చుకో. పాలూ తక్కువే, రోగాలూ తక్కువే," అన్నాను. ఎంతో ఆలోచించినట్టు తలూపింది.

నిరుడు ఆమె పోయింది. ఆవుల్ని కూతురు చూసుకుంటోంది. మొన్న ఆ పిల్లకి నా గొప్ప చెప్పుకున్నాను.

"నీ సలహా ఏటి తాతా! పొట్టావునే తేవాలని అమ్మ ముందే అనుకున్నాది. మామ్మ పోయినాక నువ్వు నోరిప్పకుండా కూకున్నావని, రోజూ వొచ్చి అడిగీది."