మే నెలలో మగ ఎలుకలు

రాజేంద్రనగర్ వరి పొలాల్లో బోన్లు పెట్టే ఏలియాకు, దొరికిన ఎలుకను మెడ వెనక పట్టి, వెల్లకిలా తిప్పి, పొట్ట మీది బొచ్చును ఉఫ్‌మని ఊదడం ఇరవయ్యేళ్ల అలవాటు. పరిశోధనకు కొత్తగా వచ్చిన అనుపమ ఆ రోజు తోక కింద చూసి, వృషణాలు కనిపించక ‘ఆడది’ అని రాసుకుంది. ఏలియా ఊది చూశాడు. ఆడ ఎలుకలకే ఉండే చనుమొనల జాడ లేదు.

“మగదే, మేడమ్. ఎండకాలం గింజ దొరకదు, జత కట్టదు. వాటిని లోపలికి గుంజుకుంటది. వానలు పడి వరి పొట్టకొస్తే ఇగ మళ్ల దించుతది.”

“గట్లనా?” అంటూ ఆమె నోటుపుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పింది. మే నెల మొత్తంలో ఒక్క మగ ఎలుకా లేదు.

ఏలియా పక్క బోనులోని ఎలుకను తిప్పి, ఊదమన్నట్టు ఆమె ముందు పట్టాడు. అనుపమ కళ్లద్దాలు తీసి, వంగి ఊదింది.