ఆకు వండుకున్న అన్నం

మా సైన్సు టీచర్ ఇక లేరని పోయిన ఆదివారం మల్కాజ్‌గిరి నుంచి ఆమె మేనకోడలు ఫోన్ చేసింది. తొంభై ఆరేళ్లు. "మధ్యాహ్నం కునుకులనే పోయింది, ఏ తక్లీఫ్ లేకుండ" అంది. ఆమె మేలుకుని ఉండగా రావడానికి చావు కూడా జంకిందేమో అనుకున్నాను.

నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం మీద పోలీస్ యాక్షన్ జరిగిన కొన్ని వారాలకు మా బడి మళ్లీ తెరిచారు. నా పక్కన కూర్చునే జుబేదా వాళ్ల నాన్న నిజాం సర్కారు ఉద్యోగి. ఆయన్ని జైల్లో పెట్టారు. ఆ పిల్ల ఉంటే మా పిల్లల్ని పంపేది లేదని కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టారు. హెడ్‌మిస్ట్రెస్ మా క్లాసుకే వచ్చి, "నాలుగు నెలలు జెర ఇంట్ల ఉండనీ" అంది.

"తండ్రి జైల్ల ఉంటే పిల్లకు సైన్సెందుకు బంద్ కావాలె మేడం? ఆమె పోతే నేను సుత పోతా" అన్నారు టీచర్.

ఇద్దరూ వెళ్లిపోయారు. టీచర్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. తల్లీ, ఇద్దరు తమ్ముళ్లూ ఆమె జీతం మీదే బతికేవారు. నేను బెంచీ మీద నుంచి కదల్లేదు.

నాలుగో రోజు ఉండబట్టలేక రెజిమెంటల్ బజార్ వెనక సందులో టీచర్ ఇంటికి వెళ్లాను. ఏదో చెప్పబోతే, "ఆ ముచ్చట తర్వాత. ఈ గిన్నె పట్టుకో" అన్నారు.

వరండాలో జుబేదాకి పాఠం చెబుతున్నారు, ప్రయోగం నడుస్తోంది. మందార కుండీని రెండు రోజులు చీకటి గదిలో ఉంచారట. గొడవల భయంతో కిటికీ అద్దాలకు అంటించిన నల్ల కాగితం చింపి, ఒక ఆకు నడుముకు పట్టీలా చుట్టి, పొద్దున్నుంచి ఎండలో పెట్టారు. జుబేదా ఆ ఆకు తెంపి, కాగితం విప్పింది. మరిగే నీళ్లలో ముంచాం. పొయ్యి ఆర్పి, స్పిరిట్ పోసిన గాజు గొట్టంలో ఆకు వేసి, గొట్టాన్ని ఆ వేడినీళ్లలో నిలబెట్టాం. పచ్చదనమంతా దిగిపోయి ఆకు పాలిపోయింది. అయోడిన్ వేస్తే ఎండ తగిలిన మేర నల్లని నీలం తేలింది. కాగితం చుట్టిన చోట అయోడిన్ రంగు తప్ప ఏమీ లేదు.

"నీలం ఉన్న కాడ పిండి ఉన్నది. గాలిల బొగ్గుపులుసు వాయువు, వేర్ల నుంచి నీళ్లు తీసుకుని, ఎండ బలంతోని ఆకు తన అన్నం తనే వండుకుంటది. ఆ బలాన్ని అన్నంలనే దాస్తది. మనం తినే బువ్వల ఉన్నది గా ఎండనే. ఎవరి హుకుంతోని గిది ఆగదు" అన్నారు టీచర్.

"కాగజ్ తీసేస్తే ఆ జాగల సుత వస్తదా?" అంది జుబేదా.

"చెట్టుకున్న ఆకైతే వస్తది. రేపు ఇంకో ఆకుతోని చూద్దాం."

బజారులో కొందరు ఆమెతో మాట మానేశారు. లోపల గదిలో చెప్పుకోవచ్చు కదా అని తల్లి బతిమాలింది. "లోపల చెప్తే భయపడ్డట్టు" అని టీచర్ వరండా వదల్లేదు. జుబేదా ప్రైవేటుగా మెట్రిక్ రాసి ప్యాసయింది. తర్వాత చాలా ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పింది.

టీచర్‌ని మాత్రం ఆ బడి మళ్లీ పిలవలేదు. వేరే బళ్లలో చెప్పి రిటైరయ్యారు. ఎప్పుడైనా బాధపడ్డారా అని ఒకసారి అడిగాను. "ఏందీ, నన్నడుగుతున్నవ్? ఆ బడోళ్లనడిగినవా?" అన్నారు.

టీచర్ అంత్యక్రియలకి, క్రైస్తవుల సమాధుల తోటకి జుబేదా చేతికర్ర పట్టుకుని వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. అందరికీ ఇచ్చినట్టే ఎవరో పూలబుట్ట అందించారు. ఆమె పూలు ముట్టుకోలేదు. కర్ర నాకిచ్చి, మెల్లగా వంగి, సమాధి గుంతలో వేయడానికి రెండు చేతులా మట్టి తీసుకుంది. ప్రార్థన ముగిసేదాకా, మట్టి జారకుండా పిడికిళ్లు బిగించుకుని నిటారుగా నిలబడింది.