హాలు తాళంచెవి

పసుపు సీజన్‌లో ఆర్మూరు బస్టాండులో చాయ్ తాగడం దండగ. ఏ కప్పు తీసుకున్నా పసుపు వాసనే. జలుబు చేసినవాడికి మంచిదేమో, నాకా అదృష్టం లేదు.

పక్క కుర్చీలోని పెద్దావిడ పలకరించింది. "ఏ ఊరు సారూ నీది?"

"నిజామాబాద్ అమ్మా."

"గట్లయితే మాట్లాడొచ్చు. మా ఊరోల్లు మా వాడోల్లతోని మాట్లాడితే జరిమానా. ఊరి కమిటోల్లు డప్పు చాటింపు ఏసిండ్రు."

ఆమె పుస్తెలతాడుకు ఓ తాళంచెవి వేలాడుతోంది. ఊరి కమ్యూనిటీ హాలుదట. కమిటీ పెద్దలు పేకాడుకునే ఆ హాలును వాడలోని ఆడవాళ్లు ఊడ్చి, సాయంత్రాలు ఆడపిల్లల చదువుకు తెరిచారు. తాళంచెవి తిరిగిచ్చేదాకా ఆ వాడకు కిరాణా లేదు, పాలు లేవు, పలకరింపూ లేదు.

"ఇచ్చేస్తారా?" అన్నాను.

"ఇస్తే పోరీలు యాడ సదువుతరు?"

అంతలో తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి మా ఎదురుగా నిలబడ్డాడు. ఆమె ముఖం చూస్తేనే కమిటీ మనిషని తెలిసింది. తాము పెట్టిన జరిమానా తనకే పడకుండా, ఆయన నాతో మాట్లాడాడు.

"సారూ, జర ఆమెకు చెప్పుండ్రి. పొద్దుమీకెదాంక తాళంచెవి రాకుంటే ఆమె ఇంటికే తాళమేస్తం."

చెప్పి వెళ్లిపోయాడు. ఆమె తాళంచెవిని పిడికిట్లో బిగించింది. నేను ఎంతో నిబ్బరంగా పేపరు తెరిచాను. గాలి లేకపోయినా అది రెపరెపలాడింది.

ఆమె పేపరు వంకా, నా వంకా చూసింది.

"బెదిరిచ్చింది నన్ను గద సారూ, నువ్వెందుకు వణుకుతున్నవ్?"