బాబాయి తెచ్చిన పతకం

వీధి చివరి మరలో ఎండుమిరపకాయలు ఆడిస్తున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగిలితే నాకు దర్శి దగ్గరి మా కళ్లం, బాబాయి తెచ్చిన పతకం గుర్తొస్తాయి.

కాంగోలో అంతర్యుద్ధం ఆపడానికి వెళ్ళిన మన సైన్యంలో బాబాయి ఉన్నాడు. సెలవు మీద వచ్చినప్పుడు కంచు శిలువ ఒకటి చూపించాడు.

“ధైర్యానికిచ్చే పతకం. ఏడవకుండా సాయంత్రం దాకా తాలుకాయలు ఏరావంటే నీదే.”

కళ్ళు మండుతున్నా ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలు ఏరుతూనే ఉన్నాను. సాయంత్రం ఆయనే నా జాకెట్టుకు పతకం గుచ్చాడు. మా బాబాయి వీరుడని కూలీలందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

అంతలో బాబాయితో పాటు కాంగో వెళ్ళొచ్చిన మస్తాన్ వచ్చాడు. పతకం చూసి పెద్దగా నవ్వాడు.

“ఒరేయ్, ఇది కటంగావాళ్ళది గదరా! దేశం నుంచి విడిపోతామని మన మీద కాల్చినోళ్ళు, యుద్ధం మధ్యలో వాళ్ళ సిపాయిల కోసం చేయించుకున్నది. పిల్లకేం చెప్పావేంది?”

నేను బాబాయి వైపు చూశాను.

“ధైర్యానికిచ్చేదన్నానమ్మా. నాకిచ్చారన్నానా?” అన్నాడు, నా మొహం చూడకుండా.

పతకం పీకి మిరప రాశిలోకి విసిరాను. అప్పుడు ఏడ్చాను. మిరప మంట అనుకుని అమ్మ నా చేతులకు మజ్జిగ రాసింది. బాబాయి చీకటి పడేదాకా రాశిలో వెతికి, దొరికాక జేబులో వేసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా పూర్తిగా నమ్మలేకపోయాను. ఆ పతకం ఎవరి చొక్కా మీద నుంచి వచ్చిందని మాత్రం ఎన్నడూ అడగలేదు. అడిగితే ఈసారి నిజమే చెబుతాడేమోనని భయం.