నలభై మైళ్ళ దూరంలోని సీటు

ఒజెల్లా ప్రేథర్ గారు చనిపోయిన వారంలో మా ఊరి పత్రిక ఆవిడ గురించి నాలుగు వాక్యాలు వేసింది. రెండో వాక్యం ఇది: "ఆ రోజుల్లోనే న్యూయార్క్ వెళ్ళి గణితంలో ఎం.ఏ. చేసిన అదృష్టవంతురాలు." అదృష్టమట! చదివి పత్రికను విసిరికొట్టాను. ఆవిడ న్యూయార్క్ ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో రాయడానికి ఆ పత్రికవాళ్ళకి చోటు చాలలేదు కాబోలు. నేను రాస్తాను.

ఆవిడ దగ్గర నేను ఏడో తరగతి లెక్కలు నేర్చుకున్నాను. అప్పట్లో అమెరికా దక్షిణాదిలోని మా హార్డిన్ ఊళ్ళో నల్లపిల్లల బడి వేరు, తెల్లపిల్లల బడి వేరు. మా బడిలో కిటికీలకి అద్దాలు సగమే ఉండేవి గాని లెక్కల టీచరు మాత్రం జిల్లాలోకెల్లా గట్టిది. ఎవడైనా జవాబు చెబుతూ "సుమారుగా" అన్నాడో, ఆవిడ సుద్దముక్క కింద పెట్టేసేవారు. "సుమారు బేరం చేపల బజార్లో ఆడుకో నాయనా. ఇక్కడ ఎంతో చెప్పు."

ఒజెల్లా గారి తండ్రి రంపపు మిల్లులో కూలి. తల్లి హ్యాటీ నలుగురి ఇళ్ళలో బట్టలు ఉతికి కూతుర్ని నల్లవాళ్ళ కాలేజీలో చదివించింది. ఒజెల్లా అందులో మొదటిదిగా వచ్చింది. టీచరు ఉద్యోగంలో చేరాక, 1951లో, పై చదువుకి రాష్ట్ర విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. అది ఇంటికి నలభై మైళ్ళు. పొద్దున్నే బస్సెక్కితే తొమ్మిదింటికి క్లాసులో కూర్చోవచ్చు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. మీ వర్ణం వారికి ఇక్కడ ప్రవేశం లేదు, అయితే మరో రాష్ట్రంలో మీరు ఎక్కడ చదివినా ఫీజులో తేడా, రైలు ఛార్జీ ప్రభుత్వమే భరిస్తుంది అని. నల్లపిల్ల తమ బల్ల మీద కూర్చోకుండా ఉంటే చాలు, దేశం అవతలి దాకా పంపడానికి కూడా సిద్ధమన్నమాట. ఆవిడ ఆ ఉత్తరం పట్టుకుని రాష్ట్ర రాజధానిలో విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళింది.

అక్కడి అధికారి నవ్వాడు. "ఒజెల్లా, నీకేం పోయింది? మా చెల్లెలు కూడా న్యూయార్క్ చూడలేదు తెలుసా?"

"నాకు న్యూయార్క్ చూడాలని లేదు సార్. లెక్కలు చదవాలని ఉంది. ఆ లెక్కలు ఇక్కడా ఉన్నాయి."

"పిల్లా, ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళు. ఇదీ ఇవ్వని రోజులొస్తే ఏడుస్తావు."

వెళ్ళింది. బడి సెలవుల్లో ఐదు వేసవులు న్యూయార్క్ వెళ్ళింది. రోజు పైగా రైలు ప్రయాణం. వాషింగ్టన్ దాకా నల్లవాళ్ళ పెట్టెలోనే కూర్చోవాలి. భోజనాల పెట్టెలోకి రానివ్వరని తల్లి బూట్ల అట్టపెట్టెలో వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె సర్ది ఇచ్చేది.

మూడో వేసవిలో ఆ తల్లికి పక్షవాతం వచ్చింది. మంగళవారం పరీక్ష రాసి బయటికొస్తుంటే తంతి చేతిలో పెట్టారు. ఒజెల్లా అందిన రైలెక్కి గురువారం సాయంత్రానికి ఊరు చేరింది. అప్పటికే తల్లి పోయింది; ఆగస్టు ఎండకి శవాన్ని ఉంచలేక ఆ మధ్యాహ్నమే పాతిపెట్టేశారు. ఈ సంగతి ఆవిడ నాతో ఒక్కసారే అన్నారు. "నలభై మైళ్ళైతే కబురందిన గంటన్నరకి మా అమ్మ పక్కనుండేదాన్ని. నన్ను చూడాలని తలుపు వైపే చూస్తూ పోయిందట." అని, చేతిలో ఉన్న బీన్స్ ఒలుచుకుంటూ కూర్చున్నారు. నేనే లేచి వచ్చేశాను.

1970లో రెండు బళ్ళూ కలిపారు. కలిపారంటే మా బడి మూసేశారు. జిల్లాలో లెక్కల్లో ఎం.ఏ. ఉన్నది ఆవిడ ఒక్కరికే. కొత్త బడిలో ఆవిడకిచ్చిన పని పుస్తకాల గదికి కాపలా. రెండేళ్ళు పోట్లాడితే గాని సుద్దముక్క తిరిగి చేతికి రాలేదు.

ఇక 1998. అప్పటికి నేనూ అదే బడిలో చరిత్ర చెబుతున్నాను. ఒజెల్లా గారి మనవరాలు రోషెల్, తరగతి రెండువందల పన్నెండు మందిలో మార్కుల్లో రెండోది, అదే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. వెయిటింగ్ లిస్టులో వేశారు. అదే తరగతిలో నలభై ఒకటోవాడు బ్రాడ్ కోకర్‌కి సీటొచ్చింది. వాడి తాత అక్కడ 1953లో పట్టా పుచ్చుకున్నాడు.

ఆ ఏప్రిల్‌లో ప్రవేశాల అధికారి డెన్‌హామ్ అనే ఆయన మా బడికి వచ్చి, వ్యాయామశాలలో తల్లిదండ్రుల్ని సమావేశపరిచాడు. "ఈ ఏడాది నుంచి మేం రంగు చూడటం లేదు. అందరికీ ఒకటే కొలత" అన్నాడు. అంతకుముందు ప్రవేశాల్లో నల్లపిల్లలకి కొంత మొగ్గు ఉండేది, అది తీసేశారన్నమాట. బ్రాడ్ తండ్రి లేచి చప్పట్లు కొట్టాడు. "ఇన్నాళ్ళకి న్యాయం జరిగింది!"

ఒజెల్లా గారు నా పక్క కుర్చీలోంచి లేచారు. "బాబూ, మీ దరఖాస్తులో పదకొండో ప్రశ్న ఉంది. అమ్మానాన్నలు, తాతలు ఎవరైనా ఇక్కడ చదివారా అని. ఉంటే మార్కులిస్తారా?"

"అదా... చిన్న సంప్రదాయం అమ్మా. కుటుంబాలతో అనుబంధం, అంతే."

"చిన్నదంటే ఎంత? నేను లెక్కల టీచర్ని."

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. "నూటికి నాలుగు."

ఆవిడ సంచిలోంచి 1951 నాటి ఉత్తరం తీసి, కళ్ళజోడు సర్దుకుని, మొదటినుంచీ చివరిదాకా చదివారు. చదవడం అయ్యాక అన్నారు: "మా పిల్ల పదకొండో ప్రశ్నకి 'లేరు' అని రాసింది. ఆ మాట రాయించింది మీరు. నన్ను గడప తొక్కనివ్వలేదు, ఇప్పుడు మీ అమ్మమ్మ గడప తొక్కిందా అని అడుగుతున్నారు. రంగు చూడం, తాతని చూస్తాం అంటున్నారు. మీ బడిలో ఆనాటి తాతలది ఏ రంగో కాస్త చెప్పండి."

బ్రాడ్ తండ్రి కోకర్ గొణిగాడు. "ఎప్పటి సంగతో టీచరమ్మా. మా వాడేం పాపం చేశాడు?"

"ఏ పాపమూ చెయ్యలేదు. మంచి కుర్రాడు, వేసవిలో మా వరండాలో భిన్నాలు నేనే నేర్పాను. వాడు చేసిన పుణ్యమేమిటో చెప్పమంటున్నాను."

డెన్‌హామ్ కాగితాలు సర్దుకుంటూ, "మీ బాధ నాకు అర్థమైందమ్మా, పైవాళ్ళకి చెబుతాను" అన్నాడు.

"బాధ కాదు బాబూ. లెక్క. మీ లెక్క తప్పింది."

జూలైలో రోషెల్‌కి సీటు వచ్చినట్టు కబురొచ్చింది. ఎవరో మానుకుంటే ఖాళీ అయిన సీటట. అదే వారం కిరాణా కొట్లో కోకర్ గారి భార్య రోషెల్ తల్లి మ్యాక్సీన్‌తో, "లెక్క చూపించుకోడానికి మీవాళ్ళు ఒకరు కావాల్సొచ్చిందేమోలే" అంది నవ్వుతూ. నలభై ఒకటోవాడి తల్లి, రెండోదాని తల్లితో! మ్యాక్సీన్ పాలసీసా అక్కడే వదిలేసి ఇంటికొచ్చేసింది.

రోషెల్ మొండికేసింది. "నేను వెళ్ళను అమ్మమ్మా. నిన్ను గెంటిన చోటికి నేనెందుకెళ్ళాలి? నీ పాత కాలేజీలోనే చేరతాను."

ఒజెల్లా గారు మనవరాలి మీద కేకలెయ్యడం నేను విన్నది అదొక్కసారే. "నా పాత కాలేజీ బంగారం. అది ఇష్టపడి వెళ్తే దణ్ణం పెట్టి పంపుతాను. వీళ్ళ మీద కోపమొచ్చి వెళ్తే వీళ్ళు కోరుకున్నది నువ్వే చేసిపెట్టినట్టు. నీకక్కడ చదవాలనుందా లేదా? అది చెప్పు."

"ఉంది" అంది రోషెల్ ఏడుస్తూ.

"అయితే పెట్టె సర్దుకో."

వెళ్ళింది, గణితంలోనే పట్టా పుచ్చుకుంది. ఒజెల్లా గారు పట్టా ప్రదానానికి వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, ఆ విశ్వవిద్యాలయం పాటకి అందరూ లేచి నిలబడితే తాను మాత్రం లేవలేదు. పక్కాయన "కాళ్ళు నొప్పులా అమ్మా?" అని అడిగితే, "లేదు, నా కాళ్ళు బాగానే ఉన్నాయి" అన్నారట.

చనిపోయేదాకా ఏటా జనవరిలో విశ్వవిద్యాలయ అధ్యక్షుడికి ఆవిడ ఒక ఉత్తరం రాశారు, ఆ పదకొండో ప్రశ్న తీసెయ్యమని. ఎనిమిది ఉత్తరాలకి మూడు జవాబులు వచ్చాయి. మూడింట్లోనూ ఆవిడ చేసిన సేవల్ని కొనియాడారు. ప్రశ్న అలాగే ఉంది. దరఖాస్తు మార్చారు కదా, ఇప్పుడు దాని నంబరు పద్నాలుగు.