సగం కూర్చున్న సోఫా

హాల్లో సోఫా ఉండగా సూదక్క రెండేళ్లు నేల మీదే కూర్చుంది. ఆ సోఫాకూ కలిపి అద్దె కడుతూనే కూర్చుంది.

సూదక్క అన్నది కాలనీ పిల్లలు పెట్టిన పేరు. ఆవిడ ఒక ల్యాబ్ తరఫున స్కూటర్ మీద ఇంటింటికీ తిరిగి, పరీక్షల కోసం రక్తం తీస్తుంది. వరసగా బ్లాకులు, అన్నిటికీ ఒకే రంగు ఉన్న ఆ పెద్ద కాలనీలో ఫర్నిష్డ్ ఫ్లాట్ అని ప్రకటన చూసి చేరింది. అబద్ధం అనడానికి లేదు, సామానంతా ఉంది. సోఫాకు ప్లాస్టిక్ కవరు, డైనింగ్ టేబుల్‌కు దుప్పటి, పెద్ద మంచం ఉన్న గదికి తాళం. పక్క బ్లాకులో ఉండే ఓనరమ్మ షరతు ఒక్కటే: తనను అడగకుండా ఏదీ వాడకూడదు. అడిగితే "చూద్దాంలే" అనేది. ఆదివారం వచ్చి, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు సోఫాను నిమిరి చూసి వెళ్లేది. సూదక్క నేల మీద చాపతోనే సర్దుకుపోయేది. ఒంటరి ఆడమనిషికి మరో ఇల్లు దొరకడం ఎంత కష్టమో, వెతుక్కుంటూ తిరిగినవాళ్లకే తెలుసు.

అంతలో ఆవిడ నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆస్పత్రి నుంచి కూతురి దగ్గరికే రావాలి. కింద కూర్చోకూడదు, చాప మీద పడుకోకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. సూదక్క వెళ్లి గది తాళం అడిగింది. ఓనరమ్మ "చూద్దాంలే" అంది.

సూదక్క ఎవరికీ అడగకుండా సూది గుచ్చదు. ఏ చెయ్యి ఇస్తారు, పట్టీ బిగించనా, ఇక గుచ్చనా అంటూ ప్రతిదీ అడుగుతుంది. ఆ అలవాటును ఈసారి ఓనరమ్మ మీద ప్రయోగించింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, టేబుల్ మీది దుప్పటి ఒక మూల ఎత్తవచ్చా అని అడిగింది. ఎత్తాక, గ్లాసు పెట్టవచ్చా అని. పెట్టాక, అందులో నీళ్లు పోయవచ్చా అని. ఓనరమ్మ మురిసిపోయింది. ఇంత వినయమున్న పిల్లను చూడలేదని వాకింగ్ స్నేహితురాళ్లకు చెప్పుకుంది. మధ్యాహ్నానికి వ్యవహారం ఫ్యాను రెండులో పెట్టాలా మూడులో పెట్టాలా అనేదాకా వచ్చింది. నిద్రమత్తులో ఉన్న ఓనరమ్మ గొంతులో ఆ మురిపెం కాస్త తగ్గింది.

సాయంత్రం నాన్న దిగాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, మాటలకు కరువు లేదు. విషయం వినగానే కూతురి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"చెల్లెమ్మా, మీ సోఫా మీద సగం కూర్చున్నాను. మిగతా సగం కూర్చోమంటారా?"

"కూర్చున్నాక అడగడమేంటండీ?"

"అందుకే సగంలో ఆపాను. కాలు లాగుతోంది, కాస్త తొందరగా చెప్పండి."

ఓనరమ్మ ఊ అనక తప్పలేదు; ఆ రాత్రికి నాన్న సోఫా మీదే పడుకున్నాడు. మర్నాటి నుంచి ఈ కబురు సూదక్క రక్తం తీయడానికి వెళ్లిన ఇళ్లన్నిటికీ పాకింది. అలాంటి షరతు కింద నలుగుతున్న ఇళ్లు ఒకటీ రెండూ కాదు. ఫ్రిజ్ తలుపు తెరవవచ్చా అని ఒకరు, తెరిచాం, ఇక మూయవచ్చా అని మరొకరు వాళ్ల వాళ్ల ఓనర్లకు ఫోన్లు మొదలుపెట్టారు. వాకింగ్‌కు వచ్చే ఓనర్లను ఆ ఫోన్లు అడుగు వేయనిస్తే ఒట్టు. కాలనీని చెడగొట్టింది నీ అద్దెపిల్లేనంటూ స్నేహితురాళ్లు ఓనరమ్మను నిలదీశారు.

ఆవిడ తాళంచెవి పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది.

"నీకో దణ్ణం తల్లీ. ఏది కావాలంటే అది వాడుకో. నన్ను మాత్రం అడక్కు."

"గదిలో మంచం కూడానా ఆంటీ?"

ఓనరమ్మ ప్రాణం ఒక్క క్షణం మంచం దగ్గరే ఆగింది. "మంచం కూడా."

"ఆ ముక్క ఫోన్‌లో మెసేజ్ పెట్టండి ఆంటీ. మర్చిపోయి రేపు మళ్లీ అడుగుతానేమో."

మెసేజ్ వచ్చాకే సూదక్క తాళం తీసింది. మంచం మీదున్న ఓనరమ్మ పాత సూట్‌కేసులను దింపి, పరుపు దులిపి, నాన్నను పడుకోబెట్టింది.

నవ్వుకున్నారు కదా, ఇప్పుడు ఒక పని చేయండి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్లయితే, అందులో మీరు దాచుకున్న గది తాళంచెవి ఈ ఆదివారమే ఇచ్చి రండి. అద్దె తీసుకున్నాక అది మీ గది కాదు. అద్దెకున్నవాళ్లయితే, మీ బ్లాకులో ఇంకెన్ని గదులకు తాళాలున్నాయో కనుక్కోండి. ఒక్కరే వెళ్లి అడిగితే "చూద్దాంలే" అంటారు. అందరూ కలిసి వెళ్లండి.