తేటనీళ్ల సీసా

రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, వానలు వెనకబట్టిన కార్తీకంలో, చోడవరంవాడినైన నన్ను గోదావరి అవతల ఒక బొగ్గు పట్నానికి బదిలీ చేశారు. నీటి పరీక్షల ల్యాబులో సీనియర్ ఎనలిస్టుని. అక్కడి గని మూతపడి చాలాకాలమైంది. దాని పక్కనుంచి వచ్చే వాగు పట్నం మధ్యకు చేరేసరికి ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉండేది.

ఆ ఎరుపు మొదలయ్యే చోటే సువార్తమ్మ రేకుల షెడ్డు. మా చోడవరం పక్క రోలుగుంట నుంచి పెళ్లై వెళ్లిన మనిషి. పాత చీరలకు రంగులు వేసి ఇల్లు గడుపుకునేది. షెడ్డుకు పైన నీళ్లు తేట, కింద ఎరుపు. ఇంకేం, ఊరంతా ఆమెనే వేలెత్తి చూపింది. తేల్చమని మున్సిపాలిటీ మాకు రాసింది. కొన్ని రంగుల మందుల్లో ఇనుము ఉంటుంది కాబట్టి దాన్నే వెతకాలనుకున్నాం.

షెడ్డుకు పైన ఒకటి, కింద ఒకటి సీసాలు పట్టాను. ఇనుము చూడవలసిన నీటిలో గట్టుమీదే కొన్ని చుక్కల నైట్రిక్ యాసిడ్ వెయ్యాలి. లేకపోతే కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి, తుప్పులా మారి అడుగుకు దిగిపోతుంది. కింది సీసాలో వేశాను. పైదానికి, ఇంత తేటగా ఉంటే యాసిడ్ దండగ అనుకున్నాను. ముప్ఫై ఏళ్ల అనుభవం కదా! మర్నాడు పైపైన తేరిన నీళ్లు తీసి పరీక్ష చేసి, షెడ్డుకు పైన ఇనుము పరిమితిలోనే ఉందని సంతకం పెట్టాను. వారంలో షెడ్డు ఖాళీ చెయ్యమని ఆమెకు నోటీసు వెళ్లింది.

నోటీసు పట్టుకుని ఆమె తిన్నగా ల్యాబుకొచ్చింది. ఏడవలేదు. “మా షెడ్డుకి పైన నీళ్లు పట్టేరు కదా బాబూ, ఆ సీసా ఓపాలి సూపించండి,” అంది. మిగిలిన నీళ్లు నెలరోజులు దాచడం మా పద్ధతి. అలమర తెరిచాను. సీసా అడుగున ఎర్రటి మడ్డి పేరుకుని ఉంది.

“ఏటి బాబూ, ఇందులోకి కూడా నేనే వచ్చి రంగు కలిపేనా?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే వెళ్లి, యాసిడ్ వేసి మళ్లీ పట్టుకొచ్చాను. పై నీటిలోనూ కింది నీటంత ఇనుము ఉంది. గని నీళ్లు తేటగానే ఊరతాయి. గాలి ఆడి ఎర్రబడేసరికి ఆమె షెడ్డు దాకా వస్తున్నాయి.

తప్పు అని రాయొద్దు, ‘అదనపు సమాచారం’ అంటే సరిపోతుందని మా పై అధికారి అన్నారు. మొదటి రిపోర్టు తప్పు, ఆ తప్పు నాది అనే రాశాను. ఆయన నెలరోజులు నాతో మాట్లాడలేదు. అదీ ఒక సుఖమే. నోటీసు రద్దయింది.

పోయిన నెల సువార్తమ్మ చోడవరంలో రోలుగుంట బస్సు దగ్గర కనబడింది. షెడ్డు నడుస్తోందట. వాగు ఎలా ఉందని అడిగాను. “గెడ్డ మాత్రం అలాగే ఎర్రగా ఉంది బాబూ,” అంది. మూతపడ్డ గనికి నోటీసు ఎవరిస్తారు?

ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు, ఆ రిపోర్టు తర్వాత రిటైరయ్యేదాకా నేను చెప్పింది ఒక్కటే. యాసిడ్ గట్టుమీదే వెయ్యండి. తేటగా కనబడే నీళ్లకు ముందు వెయ్యండి.